అంద్రెయ కట్టిన పాట

ఆదివారం వచ్చిందంటే సువార్తకు ఒళ్లు బరువెక్కేది. చర్చిలో అందరూ లేచి నిలబడి, ఆమెను వదిలేసి పోయిన మొగుడు కట్టిన పాటను కళ్లు మూసుకుని పాడేవారు, "నీ అడుగుల సప్పుడె నా ఇంటికి దీపం" అని. గోదావరిఖనిలో ఆ పాట రాని క్రైస్తవ ఇల్లు లేదు. బొగ్గుబాయిలో పనిచేసే అంద్రెయకు ఇంత భక్తి ఎక్కడిదని మెచ్చుకోని మనిషీ లేడు.

ఎక్కడిదో సువార్తకు తెలుసు. బెల్లంపల్లి బాయికి బదిలీ చేయించుకుని పోతూ అంద్రెయే చెప్పాడు. ఆ పాట ప్రభువు మీద కట్టింది కాదట, సువార్త మీద అంతకన్నా కాదట. బెల్లంపల్లిలో ఉన్న ఆమె కోసమట. అంత నిజాయితీ ఎవరడిగారు? చెప్పకుండా పోయి ఉంటే పాటయినా మిగిలేది.

ఆ పాట మానేయమని ఒకసారి చర్చి పాస్టరు దయాసాగర్ అయ్యగారిని అడిగింది. కారణం మాత్రం నోటికి రాలేదు. మొగుడి మీద కోపం కాబోలనుకుని ఆయన, పాటను పాటగా వినాలని, కట్టినవాడిని మరిచిపోవాలని నచ్చజెప్పారు. ఆయనకేం, ఎన్నయినా చెబుతారు. ఆ మనిషి బొగ్గు బట్టలు ఏళ్ల తరబడి ఉతికింది ఆయన కాదు కదా.

డెబ్బై నాలుగు వానాకాలంలో పక్కింటి సారవ్వ మంచం పట్టింది. కొడుకు బాయిలో కప్పు కూలి చనిపోయినప్పటి నుంచి ముసలిది ఒక్కతే. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. సువార్తే పొద్దున, సాయంత్రం వెళ్లి గంజి తాగించేది. ఒక సాయంత్రం సారవ్వ గంజి వద్దని, చర్చిలో తను ఎప్పుడూ ఏడుస్తూ పాడే ఆ పాట పాడమంది. వేరే పాట పాడతానంటే తల అడ్డంగా తిప్పింది.

సువార్త బాగా అలసిపోయి ఉంది. దాచడానికి కూడా ఓపిక లేకపోయింది.

"అది దేవుని పాట కాదవ్వా. మా ఆయన గా బెల్లంపల్లిదాని కోసం కట్టిండు. ఇన్నేండ్లు నువ్వు ఒట్టిగనే ఏడ్సినవ్."

అనేశాక నాలుక కరుచుకుంది. పోయే ప్రాణంతో అనాల్సిన మాటేనా అది? సారవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేనెన్నడు దేవునికి పాడిన బిడ్డా? నా కొడుకు షిఫ్టు దిగి ఇంటికి వస్తున్నట్టు అనుకొని పాడుకున్న. అయ్యగారికి చెప్పకు. పాడు."

సువార్త పాడింది. రెండో చరణానికి సారవ్వ పెదవులు కూడా కదిలాయి. మూడో చరణం నడుమ ఆగిపోయాయి. సువార్త ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

ఇక వెళ్లి నలుగురినీ పిలవాలి. బోలెడు పని ఉంది. ఇంకొక చరణం మిగిలింది. కట్టినవాడు బెల్లంపల్లిలో ఉన్నాడు, అడిగినామె పోయింది. సువార్త ఆ చెయ్యి వదలకుండా మిగిలిన చరణం కూడా చివరిదాకా పాడింది. ఎవరి కోసం పాడుతోందో ఆమెకే తెలియలేదు, ఏడుపు మాత్రం ఆగలేదు.