బుద్ధుడు అనని మాట

మిర్యాలగూడలో రైసుమిల్లుల పక్కన ఉన్న స్వర్ణ మెస్సుకు పొద్దెక్కేసరికే హమాలీలు, లారీ డ్రైవర్లు చేరతారు. వాళ్లకు పప్పుచారు పోస్తూనే స్వర్ణ వచ్చే పోయే లారీల వెనక రాతలు చదువుకుంటుంది. మాట కింద ఓ గొప్పవాడి పేరు లేకపోతే బండికి అచ్చిరాదని లారీల పెయింటర్ల నమ్మకం. అందుకే గాంధీ ఎన్నడూ అనని మాటలు, వివేకానందుడు కలలో కూడా అనుకోని మాటలు బియ్యం బస్తాలతో పాటు ఊళ్లు తిరుగుతుంటాయి. మిర్యాలగూడకు వస్తే మాత్రం తప్పుడు పేరు నిలవదు. రంగు కారిపోయి, మాట అన్నవాళ్ల అసలు పేరు తేలుతుంది. డ్రైవర్లు ఓసారి చూసి, టీ తాగి వెళ్లిపోతారు.

ఆ రోజు కోదాడ నుంచి వచ్చిన లారీని చూసి స్వర్ణ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఆకలైన వాడికన్నా ఆలస్యమైన వాడికి ఎక్కువ వడ్డించాలి - గౌతమ బుద్ధుడు."

ఆ మాట తనది. ఒక్కసారే, ఒక్కడితోనే అంది. లోడు దించి పొద్దుగూకేవేళ వచ్చిన డ్రైవర్ గోవర్ధన్, "అందరు తిన్నంక వచ్చిన, ఇగ నాకేముంటది?" అన్నప్పుడు అంది. కొన్నాళ్లకు అతను "నాతోని కోదాడకొస్తవా?" అని అడిగాడు. మంచాన పడ్డ తల్లిని తలుచుకుని స్వర్ణ నోరు విప్పలేదు. ఇష్టం లేదనుకుని అతను వెళ్లిపోయాడు. తర్వాత తల్లీ పోయింది, ఏళ్లు గడిచాయి. అయినా స్వర్ణ రోజూ ఆ ఆలస్యంగా వచ్చేవాడికని కాస్త అన్నం పక్కన పెడుతూనే ఉంది.

"తమ్మీ, గీ మాట ఏడిది?" అని లారీ డ్రైవర్ సాయికుమార్‌ను అడిగింది.

"కోదాడలో గోవర్ధనన్న లారీ మానేసి పెట్టిన హోటల్ గోడ మీద ఉందక్కా. బాగుందని రాయించుకున్నా."

"బుద్ధుడన్నడని ఆయనే చెప్పిండా?"

"ఎవరి పేరు రాయాలని పెయింటర్ అడిగితే, ఏదో పేరు చెప్పబోయి, బుద్ధుడని రాయమన్నాడంట."

"పెండ్లాం పిల్లలు?" అడగొద్దనుకుంటూనే అడిగేసింది.

"ఎవరూ లేరక్కా."

నా పేరు చెప్పే ధైర్యం లేక పాపం ఆ బుద్ధుణ్ని పట్టుకొచ్చాడా! స్వర్ణకు కోపం వచ్చింది. దాని వెనకే ఏడుపొచ్చింది.

సాయికుమార్ చెయ్యి కడుక్కునేలోగా బుద్ధుడు కారిపోయాడు. ఆ చోట 'స్వర్ణ, మిర్యాలగూడ' అని తేలింది.

"నీదేనా అక్కా? తుడిపించమంటావా?"

"వద్దు. గట్లనే కోదాడకు తోలుకపో."

మర్నాడు అందరూ తిని వెళ్లాక గిన్నెలు తోముతుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. గడ్డం నెరిసింది, తల వంచుకునే తీరు మాత్రం మారలేదు.

"జర ఆలస్యమైంది," అన్నాడు గోవర్ధన్. "ఏమన్న ఉన్నదా?"

ఈసారి స్వర్ణ నోరు విప్పింది.

"నీకుంటది. కూసో," అంటూ పక్కన పెట్టిన అన్నమంతా అతని పళ్లెంలో వడ్డించింది.