మరలేని యిరుసు

శరదాగమమున వర్షధారాక్షాళితమై నిర్మలనీలమైన గగనతలమున వెలిమబ్బులు పనిలేక సంచరించుచుండ విజయనగరపు వీధులయందు లారీల ముట్టెలకును ఆటోల నొసళ్లకును బంతిపూదండలు వ్రేలుచుండ పగిలిన బూడిదగుమ్మడికాయల కుంకుమజలము మురుగుకాలువలదాక పాఱుచుండ మహానవమి నాటి యపరాహ్ణము మిక్కిలి శోభాయమానమై యుండెను. కంది గౌరినాయుని సైకిలుదుకాణమున సుత్తెలును పానాలును పటకారులును పసుపు పూసుకొని పీటపై కొలువుదీరి యుండెను. పూజకెక్కిన పనిముట్టును దశమినాడు ఉద్వాసన చెప్పువఱకు ముట్టరాదనునది వారి కట్టుబాటు. ముప్పదియేండ్లలో నాయుడు దానిని దాటి యెఱుగడు.

అట్టి సమయమున కుసుమకుమారి యను యువతి స్వేదసిక్తవదనయై తన సైకిలును నడిపించుకొనుచు వచ్చి దుకాణము ముంగిట నిలిచెను. మఱునాటి యుదయమున అనంతగిరి ఘాటీమార్గమున జరుగు స్త్రీల సైకిలుపందెములో ప్రథమస్థానము నందినవారికి క్రీడాకారుల కోటాలో ప్రభుత్వపు కొలువు దొరకును. ఆమెకు వయఃపరిమితి యా యేటితో ముగియుచుండెను. ఓడినచో జనుపమిల్లు తప్ప వేఱుగతి లేదని యామెకును తెలియును, ఊరందఱకును తెలియును.

"బాబాయీ! తొక్కినప్పుడెల్ల నిది కిఱ్ఱుమనుచున్నది. నాకు గుండె చెదరుచున్నది" అని యామె దీనముగ పలికెను.

నాయుడు చెవి యొగ్గి వినెను. పూర్వపు సైకిళ్లలో పెడళ్లయిరుసును మోయు కప్పులకు మరచుట్లుండును. త్రిప్పి బిగించిన చాలును. ఆమె యెవరివద్దనో పాతదిగ కొనిన యా కార్బను సైకిలునకు మర యనునదియే లేదు. ప్రెస్‌ఫిట్టను పేర కప్పులను బలిమితో గూటిలోనికి నొత్తి యుంచుటయే దాని విధానము. గూడు వెండ్రుకవాసి వదులైనచో కప్పు దానిలో నొరసికొని కిఱ్ఱుమనును. కప్పును వాలకుండ సమముగ నొత్తుటకు వలసిన నిడుపాటి మరకడ్డీ నాయునికడ లేకపోలేదు. అదియు పసుపు పూసుకొని పీటపైననే యుండెను.

"రేపు మధ్యాహ్నముగాని ఉద్వాసన లేదు తల్లీ" అని యతడనెను.

"పందెము తెల్లవాఱగనే గదా బాబాయీ!" అని యామె నేలపై చతికిలబడి విలపింపసాగెను.

నాయునికి దయ గలిగెను. దయ యొక్కటియే యైన నంత చేటు లేకపోవును. దురదృష్టవశమున దయతోపాటు తెలివియు మేల్కొనెను. అతడు గిరుక్కున లోనికేగి భార్య దంపుడురోకలిని భుజమున నిడుకొని వచ్చి విజయోత్సాహముతో "ఇది వంటింటిది గాని దుకాణముది కాదు. అమ్మవారి మాటయు దక్కును నీ పనియు జరుగును" అనెను. కుసుమకుమారి తన సంచిలోని చిన్నపానాలతో పెడళ్లను మోయు క్రాంకులను విప్పి యిచ్చెను. అతడు ఎడమవైపు కప్పును రోకటితో పొడిచి వెలికి తీసి గ్రీజు పూసి పలకముక్క యడ్డమిడి మూడు పోట్లతో మరల గూటిలోనికి దిగగొట్టెను. శబ్దము సమూలముగ నడగెను. పిచ్చి కుదిరినది రోకలి తలకు చుట్టుడనెనట వెనుకటికొకడు! ఆమె యానందబాష్పములతో నతని పాదములంటెను.

మఱునాడు నాయుడు ఘాటీశిఖరమున జనసమూహము నడుమ నిలిచి యామె రాకను నిరీక్షించుచుండెను. చిట్టచివరి మలుపున నామె యొక్కతెయే కనబడెను. రెండవ యామె యింకను దిగువమలుపున రొప్పుచుండెను. అతడు గర్వముతో ప్రక్కవానిని మోచేత పొడిచి "నా చేతిపని" అనెను. ఆ మాట ముగియకమున్నె యెండుగచ్చకాయలను రోట నూఱినట్టి కరకరధ్వని చెవినిబడెను. పెడళ్లు స్తంభించెను. ఆమె క్రిందబడి లేచి సైకిలును భుజముపై కెత్తుకొని యడుగున గట్టితొడుగుగల బూట్లు తారునేలపై జారుచుండ మోకాళ్లు నెత్తురోడుచుండ పరుగిడెను. గమ్యరేఖ యిరువదిబారల దూరముననుండగా నొకతె యామెను దాటిపోయెను, పిదప మఱియిద్దఱు దాటిరి. జనులు చప్పట్లు కొట్టిరి.

నాయుడు సైకిలును చెట్టునీడకు గొనిపోయి యామె పానాలతోనే యిరుసు నూడదీసెను. కప్పు గోరంత వాలి కూర్చున్నది. ఆ వాలుననే బేరింగుగుండ్లు నలిగి పొడియైనవి. ఎడమవైపు కప్పు, తన మూడు పోట్లు తిన్న కప్పు. నిన్నటి కిఱ్ఱు రోగము కాదనియు గొణుగుచునే యిల్లు నడుపు ముసలమ్మవలె నా యిరుసింకను ఆఱునెలలు నిరపాయముగ నడచి యుండెడిదనియు నతనికప్పుడు తెల్లమయ్యెను. తాను పూజకు కట్టుబడి యూరకున్నను ఆమె గెలిచియుండును, కట్టుబాటు విడిచి సరియైన పనిముట్టు పట్టినను గెలిచియుండును.

కుసుమకుమారి కుంటుచు వచ్చి యతని చెంత కూలబడి "నీవేమి చేయుదువు బాబాయీ! పండుగనాడును నాకొఱకు పాటుపడితివి. ఈ మరలేని యిరుసులే యింతయేమో" అనెను.

నాయుడు నలిగిన గుండ్లను పిడికిట మూసికొనెను. నిజము చెప్పుట కంతకంటె తగిన క్షణము మఱి లేదు. అది వచ్చెను, నిలిచెను, పోయెను.

"అంతే తల్లీ. మరలేనిదానిని నమ్మరాదు" అనెను.

ఆడలేక మద్దెల ఓడన్న యా మాటను ముప్పదియేండ్ల యనుభవజ్ఞుడు పలికెను గావున పట్టణమంతయు వేదవాక్యముగ గ్రహించెను. నాటినుండి యచ్చట ప్రెస్‌ఫిట్టు సైకిలును దానమిచ్చినను పుచ్చుకొనువారు లేరు. శంకించువారికి కుసుమకుమారియే స్వయముగ తన కథ చెప్పి సాక్ష్యమిచ్చును. ఆమె యిప్పుడు జనుపమిల్లున పనిచేయుచు దుమ్ముచే దగ్గుచు నాయుడు బాగుచేసి యిచ్చిన మరకప్పుల పాతసైకిలుపై ప్రతిదినమును ఆ దుకాణము ముందుగనే పోవుచుండును. పోవునప్పుడెల్ల దిగి రెండుచేతులును జోడించును. శిక్ష తప్పించుకొనిన యపరాధికి కృతజ్ఞతను తప్పించుకొను త్రోవ లేదు. అతడు చేతిలోని పని విడిచి లేచి నిలిచి యామె మలుపు తిరుగువఱకును చేతులు జోడించియే యుండును.