మాట ఆగని పీపా

ఇజెబు వైపు గారీ అనే కర్రపెండలం రవ్వ వేయించే పాకలో ఆడవాళ్ళు పొద్దున్నే దుంపలు చెక్కడానికి కూర్చుంటారు. చేతులతో పాటు నోళ్ళూ ఆడతాయి. ఆ మాటలన్నీ తొక్కల్లోకి ఇంకుతాయి. మొరాదేకె ఆ తొక్కల్ని తెచ్చి, పీపాలో నీళ్ళు పోసి పులియబెడుతుంది. పులిసేకొద్దీ బుడగలతో పాటు మాటలూ పైకొస్తాయి: ఎవరి మొగుడు ఎక్కడ తాగి పడ్డాడో, ఎవరి పులుసులో ఉప్పెక్కువైందో. అన్నీ అయిపోయి పీపా సద్దుమణిగితే తొక్కల్లో విషం విరిగినట్టే. అప్పుడు తవుడు కలిపి, పెరటి తొట్టిలోని క్యాట్‌ఫిష్‌లకు ముద్దలు వేస్తుంది.

పోయినసారి తొందరపడింది. ఒక గొంతు ఇంకా గొణుగుతుండగానే మేత వేస్తే చేపలన్నీ వెల్లకిలా తేలాయి. "ఈసారీ చచ్చాయంటే తొట్టి పూడ్చి దుకాణం కట్టిస్తాను," అన్నాడు బావగారు బురైమో. స్థలం ఆయనది. మొరాదేకెకు తనదంటూ ఉన్నది ఆ తొట్టి ఒక్కటే.

ఈసారి అందరి గొంతులూ ఆగాయి, ఒక్కటి తప్ప. "అడిగితే చెప్తాను," అంటోంది పీపా. కాసేపాగి మళ్ళీ, "అడిగితే చెప్తాను."

పులుపు వాసన సరిగ్గానే ఉంది. తొట్టిలో పెద్ద చేపలు ఆకలికి తాళలేక చిన్నవాటి తోకలు కొరుకుతున్నాయి. వేస్తే చస్తాయి, వేయకపోతే ఒకదాన్నొకటి తింటాయి. 

బురైమో గోడ మీంచి తొంగిచూశాడు. "ఏమ్మా, చేపలకి ఇక కబుర్లే పెడతావా?"

"ఒక్క గొంతే మిగిలింది, బావగారూ. ఎవరిదో తెలీడం లేదు."

చెక్కే ఆడవాళ్ళని పిలిచి వినిపించింది. తమది కాదంటే తమది కాదన్నారు. గారీ వేయించే ఆవిడ మాత్రం నవ్వింది. "మీ కోడలిది కాదూ? ఇంట్లో గొంతు నువ్వే పోల్చుకోకపోతే ఎట్లా వదినా?"

అరిన్‌పే కాపురానికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. తొక్కలు పీపాలో వేసిన రోజు, "అత్తమ్మా, అదీ..." అని నోరు తెరిచింది. వాన ముంచుకొస్తున్న కంగారులో మొరాదేకె, "నిన్నడిగానా?" అని కసిరింది. ఆ పిల్ల తల దించుకుని మిగిలిన దుంపలు చెక్కింది; ఆ తొక్కలూ పీపాలోకే వెళ్ళాయి. అప్పట్నుంచి అత్త ఎదుట నోరు విప్పలేదు.

మొరాదేకె పొయ్యి ముందున్న కోడలి దగ్గరికి వెళ్ళింది. "ఆ రోజు ఏం చెప్పబోయావే?"

అరిన్‌పే మర్యాదగా మోకాళ్ళ మీద వాలింది. "కోప్పడరుగా?"

"కోప్పడను. చెప్పు."

"అడుగున వేసిన ప్లాస్టిక్ సంచి... మూతి విప్పకుండానే దింపేశారు, అత్తమ్మా."

పీపా టక్కున ఆగిపోయింది.

మొరాదేకె భుజం దాకా చెయ్యి ముంచి సంచి లాగింది. లోపల నీరు తగలని తొక్కలు, చేదు వాసనతో. మూతికున్న ముడి తన పాత గుడ్డపీలికే, తను వేసిందే. 

సంచి పారేసి, మిగిలిన తొక్కల్లో నీళ్ళు పిండేసి తవుడు కలిపి, ఇద్దరూ కలిసి ముద్దలు వేశారు. సాయంత్రానికి ఒక్క చేపా తేలలేదు. బురైమో వచ్చి చూసి, దుకాణం మాట ఎత్తకుండా, "మిరియాల పులుసుకి రెండు పెద్దవి పంపు," అని వెళ్ళిపోయాడు.

తర్వాతి విడతలో పీపా ఊరుకోవడం బాగా ఆలస్యమైంది. అందరివీ ఆగినా అరిన్‌పే గొంతు ఆగలేదు: పుట్టింటి సంగతులు, అత్త మీద ఫిర్యాదులు, మధ్యమధ్య నవ్వులు. మొరాదేకె పీట వేసుకుని పీపా పక్కన కూర్చుని, చివరిదాకా విన్నది.