సైరన్ మామగారు

ఆ ఐస్ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరును అందరూ జాగ్రత్తగారనేవారు. ఏ మాట మొదలుపెట్టినా చివరికి ‘జాగ్రత్త’ అని ముగించడం ఆయన అలవాటు. మెట్లు జాగ్రత్త, వైర్లు జాగ్రత్త. ఎవరికైనా పెళ్లి కుదిరిందని తెలిస్తే సంతోషమని చెప్పి, వెంటనే జాగ్రత్త అనేవాడు. ఇంత జాగ్రత్త మనిషీ చేజేతులా చేసిన ఘనకార్యం ఒకటుంది. అది సైరన్ సంగతి.

ఐస్ గడ్డ కట్టాలంటే అమ్మోనియా కావాలి. గొట్టాల్లో ఉన్నంతసేపు అది బుద్ధిమంతురాలే. బయటికి వచ్చిందంటే కళ్లు మండిస్తుంది, గొంతు పట్టేస్తుంది, కాస్త ఎక్కువైతే ప్రాణమే తీస్తుంది. అందుకే గ్యాస్ లీకైతే సైరన్ మోగాలని, మోగగానే ఎక్కడి పని అక్కడ వదిలేసి అందరూ గేటు బయటికి పరిగెత్తాలని నిబంధన. ఆ ముక్క ఎర్రటి అక్షరాలతో గోడ మీద బోర్డులో రాసే ఉంది. ఇంకో నిబంధన కూడా ఉంది. తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా సైరన్ పనిచేస్తోందని మోగించి చూపించాలి.

రెండూ బంగారం లాంటి నిబంధనలే. కాకపోతే గ్యాస్ ఎన్నడూ లీకవలేదు, ఇన్‌స్పెక్టరు మాత్రం క్రమం తప్పకుండా వచ్చేవాడు. “పెద్దమనిషి వచ్చేసరికి జనమంతా గేటు దగ్గర గుంపుగా నిలబడితే ఏం బాగుంటుందయ్యా? ఎవరి మిషను దగ్గర వాళ్లుంటేనే కదా ఫ్యాక్టరీకి అందం!” అన్నాడు మేనేజరు. జాగ్రత్తగారు తలూపాడు. ఆ తలూపడంతో బోర్డు మీది నిబంధన తలకిందులైంది. సైరన్ కూసిందంటే చాలు, టోపీలు పెట్టుకుని, చొక్కా గుండీలు సర్దుకుని, పరుగున పోయి ఎవరి మిషను పక్కన వాళ్లు నిలబడేవారు. కొత్తల్లుడు మామగారి ఎదుట నిలబడ్డట్టే ఉందని ఎవరో అన్నారు. అప్పటినుంచి సైరన్ పేరు మామగారు. కూత వినపడగానే “మామగారొచ్చారు!” అనేవారు. ఇన్‌స్పెక్టరు జీపు కదిలాక మేనేజరు అందరికీ గేటు బయట టీ, బిస్కట్లు ఇప్పించేవాడు. “మామగారు వెళ్లిపోయారు!” అని మైకులో చెబితే చాలు, మిషన్లన్నీ వదిలేసి పరిగెత్తేవారు. నిబంధనలో చెప్పిన పరుగు ఇదేనని ఎవరికీ తట్టలేదు.

ఇలా ఉండగా జాగ్రత్తగారి భార్య తన తమ్ముడికి ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగం వేయించమని పోరు పెట్టింది. పోరు పడలేక ఆయన బావమరిదిని తీసుకొచ్చి కంప్రెసర్ గదిలో పెట్టించాడు. అమ్మోనియా అంతా ఆ గది మీదుగానే పోవాలి. చేరిన వారంలోనే సైరన్ మోగింది. కొత్తవాడు కదా, బోర్డు చదువుకున్నాడు. ఒక్క ఉదుటున బయటపడి, గేటు అవతలికి పరిగెత్తి, అక్కడ ఒంటరిగా నిలబడ్డాడు.

“ఆ మనిషెందుకలా పరిగెడుతున్నాడు?” అనడిగాడు ఇన్‌స్పెక్టరు.

“కొత్తవాడు సార్. ఇంకా ఏమీ తెలియదు,” అన్నాడు మేనేజరు.

జాగ్రత్తగారికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ఇంట్లో బావమరిదిని కూర్చోబెట్టి చెడామడా తిట్టాడు.

“బోర్డులో అలాగే ఉంది కదా బావా!”

“బోర్డు ఉండటానికిరా, చదవడానికి కాదు! ఇకమీదట మామగారొచ్చినా, వెళ్లినా, ఆకాశం ఊడిపడినా సరే, నేను స్వయంగా వచ్చి నీ భుజం మీద చెయ్యి వేసేదాకా ఆ గది వదలకు. అర్థమైందా?”

“అలాగే బావా.”

“వాడి మీద అలా అరవకండి,” అంది భార్య. “ఉన్నది ఒక్కగానొక్క తమ్ముడు. వాణ్ని మీ చేతుల్లో పెట్టాను.”

తరవాత ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. జాగ్రత్తగారు గబగబా తల దువ్వుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కోసం దాచిన తెల్ల టోపీ చంకన పెట్టుకుని, ముఖాన నవ్వు పులుముకుని గేటు దగ్గరికి వెళ్లాడు. దారిలో ఫ్యాక్టరీ అంతా కళకళలాడుతోంది. ఎక్కడివాళ్లక్కడ నిటారుగా నిలబడ్డారు. లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా.

గేటు బయట జీపు లేదు.

“పెద్దమనిషి ఏడయ్యా?” అని వాచ్‌మన్‌ని అడిగాడు.

“ఎవరూ రాలేదు సార్. మీరే మోగించారనుకున్నా.”

జాగ్రత్తగారు వెనక్కి తిరిగి చూశాడు. కంప్రెసర్ గది కిటికీల్లోంచి తెల్లటి పొగలాంటిది బయటికి వస్తోంది. సైరన్‌ను ఎవరూ మోగించలేదు. గ్యాస్ పసిగట్టే మీటరుకు తన పని గుర్తుండి, తనంతట తానే మోగించింది. గాలి గేటు వైపు నుంచి లోపలికి వీస్తోంది. ఆ రోజు జరిగిన మేలు అదొక్కటే.

ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. గేటు గదిలోని మైకు అందుకుని, “గ్యాస్ లీకైంది! పరిగెత్తండి!” అని అరిచాడు.

ఒక్కరూ కదల్లేదు. మైకు కూడా పనిచేస్తోందని చూపించడానికి ప్రతి తనిఖీలోనూ ఆయన ఈ మాటలే అంటాడు, అదీ కార్యక్రమంలో భాగమే. “జాగ్రత్తగారు ఇవాళ భలే నటిస్తున్నారే!” అన్నారెవరో. గడ్డలు కోసేచోట ఇద్దరు టోపీలు మరింత సర్దుకున్నారు.

ఏం చెబితే ఈ మనుషులు కదులుతారు? ఆలోచించే వ్యవధి లేదు. నోటికొచ్చింది అనేశాడు:

“మామగారు వెళ్లిపోయారు! గేటు బయట టీ, బిస్కట్లు!”

అంతే. ఫ్యాక్టరీ మొత్తం గేటు వైపు ఉరికింది. ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ, అందరూ క్షేమంగా బయటపడ్డారు. టీ ఏదని అడిగారు. అప్పుడు తిరిగి చూస్తే తెల్లటి పొగ కనపడింది, గబగబా ఇంకా దూరం జరిగారు.

జాగ్రత్తగారు గుంపులో ఒక్కొక్క ముఖమే వెతుక్కున్నాడు. బావమరిది లేడు. ఎలా ఉంటాడు? భుజం మీద చెయ్యి పడందే రాడు కదా.

మాస్కు కోసం తన ఆఫీసుకు పరిగెత్తాడు. అద్దాల పెట్టెలో మాస్కులు వరసగా ఉన్నాయి, కొత్తవి కొత్తగానే, ప్లాస్టిక్ కవర్లలో. తనిఖీకి శుభ్రంగా కనపడాలని ‘కవరు చింపరాదు’ అని పైన చీటీ అంటించింది తానే. కవరు చేతికి తెగలేదు. పంటితో చింపి, మాస్కు తగిలించుకుని, ఇంకోటి పట్టుకుని కంప్రెసర్ గదిలోకి దూరాడు.

బావమరిది గోడ పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. టోపీ ఉంది, గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. తడిపిన రుమాలు ముక్కుకు అదుముకున్నాడు. కళ్లు తెరవలేకపోతున్నాడు. దగ్గుతో ఒళ్లంతా అదిరిపోతోంది. జాగ్రత్తగారు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“మామగారు... వెళ్లిపోయారా బావా?” అన్నాడతను.

జాగ్రత్తగారికి ఏడుపొచ్చింది. మాస్కు లోపల ఎవరికీ కనపడకుండా ఏడుస్తూనే, బావమరిదికి రెండో మాస్కు తొడిగి, నడుం పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఫైరింజన్ వాళ్లు వచ్చి నీళ్లు కొట్టి, వాల్వు కట్టేశారు. ఆసుపత్రిలో భార్య తమ్ముడి మంచం పక్కన కూర్చుని తడిగుడ్డతో వాడి కళ్లు తుడిచింది. మొగుణ్ని తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది.

బావమరిది కోలుకుని పనిలోకి వచ్చిన రోజునే ఇన్‌స్పెక్టరు నిజంగా వచ్చాడు. “గ్యాస్ లీకైన రోజున సైరన్ మోగింది సార్, కాసేపటికల్లా అందరూ గేటు బయట ఉన్నారు,” అని మేనేజరు చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు. ఇన్‌స్పెక్టరు ముచ్చటపడి, మిగతా ఫ్యాక్టరీలకు మిమ్మల్నే ఆదర్శంగా చూపిస్తానన్నాడు. జాగ్రత్తగారి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒకసారి సైరన్ మోగించి చూపించమన్నాడు.

సైరన్ కూసింది. జనం అటూ ఇటూ చూసుకున్నారు. అలవాటు కొద్దీ చేతులు గుండీల మీదికి పోయాయి. ఇంకా ఎర్రగానే ఉన్న కళ్లతో బావమరిది కంప్రెసర్ గది వైపు నడుస్తున్నాడు, గోడ పక్కన నిలబడటానికి.

జాగ్రత్తగారు ఇన్‌స్పెక్టరు చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు. ఒక్క పరుగున వెళ్లి, ఆ చేత్తోనే బావమరిది భుజం పట్టుకున్నాడు.

“పరిగెత్తరా!”

ఇద్దరూ గేటు వైపు పరుగందుకున్నారు. వాళ్లను చూసి ఒకరూ ఇద్దరూ, తరవాత అందరూ కదిలారు.

“టీ ఇంకా పెట్టలేదయ్యా!” అని వెనకనుంచి మేనేజరు అరుస్తూనే ఉన్నాడు.