ముప్పై ఏడో నొక్కు

గురజాల బజారులో రసూల్ బాగుచెయ్యలేని మిషను లేదని ఊరంతా అనుకునేది. ఊరంతా అంటే ముందు రసూల్ అనేవాడు, తర్వాత ఊరు అనేది. ఒకసారి అతను బాగుచేసిన టేప్‌రికార్డరు క్యాసెట్టు పెట్టకుండానే పాడిందని కూడా చెప్పుకున్నారు. రసూల్ అవుననలేదు, కాదనలేదు. అట్టాంటి రసూల్, పంతొమ్మిదొందల ఎనభై ఆరులో, చర్చిలో కోత పండగ ముందు వారమంతా ఒకే ఒక్క స్వరం దగ్గర బుర్ర తిరిగి కూర్చున్నాడు.

తప్పు తనదే. ఆ సంగతి అతనూ ఒప్పుకున్నాడు. కాకపోతే తప్పులు రెండుండేసరికి ఏది ముందు ఒప్పుకోవాలో తేలలేదు.

జరిగిందేందంటే, రసూల్ స్నేహితుడు కృపానందం చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. కృపానందం తల్లి గ్రేసమ్మ ఇరవై రెండేళ్ల కిందట, కృష్ణ దాటుతుంటే పడవ బోల్తాపడబోయి ఆగిన రోజున, ఒక పాట కట్టుకుంది. 'నడి ఏట నన్ను విడిచిపెట్టలేదయ్యా, ఒడ్డు చేర్చినావయ్యా' అని. చర్చిలో పుస్తకంలో అచ్చైన పాటలే పాడాలని పెద్దల కట్టడి. అందుకని ఆమె ఆ పాటని ఇరవై రెండేళ్లూ అంట్లు తోముకుంటానే పాడుకుంది. ఆ ఇంట్లో గిన్నెలన్నిటికీ పాట కంఠతా వచ్చు, జనానికి మాత్రం ఒక్క ముక్క రాదు.

ఈ మధ్య చర్చి పాస్టరు అయ్యగారు ప్రార్థనకని వాళ్లింటికి పోయి, గోడవతల ఆ పాట విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "కోత పండగ ఆదివారం చర్చిలో పాడిద్దామమ్మా" అన్నాడు. గ్రేసమ్మ చేతిలో తపేలా జారిపోయింది. సంఘపెద్ద మరియదాసు మాత్రం ఒక మెలిక పెట్టాడు: "వాయిద్యం ఉంటే పాడండి. లేకపోతే వొద్దు. కొత్తపాట వాయిద్యం లేకుండా ఎత్తుకుంటే జనం తలో దిక్కు పోతారు, వాళ్లని వెతుక్కొచ్చేది నేనే." ఆ ఆదివారం దాటితే అయ్యగారికి బదిలీ. వచ్చే అయ్యగారు పుస్తకంలో లేని దగ్గు కూడా దగ్గడంట. అంటే ఈ ఆదివారమే, లేకపోతే ఆ పాట మళ్లీ గిన్నెలకే.

సోమవారం పొద్దున కృపానందం సరదాగా తన బావ కువైట్ నించి తెచ్చిన కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఎర్ర బటన్ నొక్కి వాయిస్తే అది ఒక పాట గుర్తుపెట్టుకుంటది. పచ్చ బటన్ నొక్కితే తిరిగి అప్పజెప్పుద్ది. ఎంత తెలివైందో అంత మొండిది. మధ్యలో ఒక్క స్వరం తప్పుపోతే దిద్దటానికి లేదు, అంతా చెరిపి మొదటినించి వాయించాల్సిందే. కృపానందం అమ్మ పాట ఎక్కిస్తా సరిగ్గా 'ఒడ్డు' దగ్గరికి వచ్చాడు. అప్పుడే రసూల్ గుమ్మంలోంచి "టీ తాగుదాం రారా!" అని కేకేశాడు. వేలు ఎగిరి ఎక్కడో పై మెట్టు మీద పడింది. అది మొదటి తప్పు.

"పోనీలేరా, మధ్యాన్నం మళ్లీ ఎక్కిస్తా" అన్నాడు కృపానందం. రసూల్ అతన్ని మోపెడ్ ఎక్కించుకున్నాడు. టీకొట్టు యాభై అడుగుల దూరం. ఆ యాభై అడుగుల్లో ఒక బర్రె, ఒక ఇసక కుప్ప, ఒక గొయ్యి ఉన్నై. రసూల్ మూడింటినీ పలకరించాడు. కృపానందం కుడిచెయ్యి విరిగింది. అది రెండో తప్పు. ఆ చేతికి వేసిన కట్టు చూసినోళ్లు పిడుగురాళ్ల సున్నపు బట్టీలు సరుకు చాలక రెండ్రోజులు మూతబడ్డాయని చెప్పుకున్నారు.

మంగళవారం ఎడంచేత్తో వాయించి చూశాడు. ఇన్నేళ్లూ ఆ చేతికి గాలి కొట్టటమే పని. మెట్లు నొక్కమంటే పాట ఎండ్రకాయలాగా పక్కకి నడిచింది. ఇంకొక హార్మోనియం మాస్టరు నాదెండ్లలో ఉన్నాడు గానీ, అతనికీ వీళ్లకీ పదేళ్లనించి మాటల్లేవు.

"ఇంకేం చేస్తాం? తప్పు స్వరంతో ఉన్న ఆ మిషనే దిక్కు" అన్నాడు కృపానందం.

"ఆ ఒక్క స్వరం పీకేస్తా. ఎంత పని? మూత తియ్యనీ" అన్నాడు రసూల్, స్క్రూడ్రైవరు తీసి.

"తియ్యబాక! మూత తియ్యాలంటే బ్యాటరీలు తియ్యాల. బ్యాటరీలు తీస్తే పాట మర్చిపోద్దంట."

"ఒకపూట తిండి లేకపోతే అంతా మర్చిపోద్దా? నేను మొన్న రోజా ఉన్నా, మా ఇంటి అడ్రసు గుర్తులేదా నాకు?"

"నువ్వు కువైట్ నించి రాలేదుగా."

రసూల్‌కి ఇది అర్థంకాలేదు. జీవితంలో మొదటిసారి మూత తియ్యకుండా ఒక మిషను బాగుచెయ్యాల్సొచ్చింది. డాక్టరుకి రోగిని పక్కూళ్లో పెట్టి ఆపరేషన్ చెయ్యమన్నట్టుంది.

బుధవారం ఉపాయం దొరికింది. పాటని క్యాసెట్టులోకి ఎక్కించి, ఆ స్వరం ఉన్న కాడ రీలుని బ్లేడుతో కోసి, రెండు కొసలూ సన్నటి టేపుతో అంటించాడు. కోసింది రెండు వేళ్ల వెడల్పు. పెట్టి వింటే తప్పు స్వరం లేదు. దాంతోపాటు అది ఉండాల్సిన జాగా కూడా లేదు. పాట 'ఒడ్డు' దగ్గర కుంటింది.

"ఖాళీ రీలు ముక్క అతికించు, జాగా ఉంటది" అన్నాడు కృపానందం.

రసూల్ ఇంట్లో వెతికి పాత క్యాసెట్టులో నించి అంతే ముక్క కోసి అతికించాడు. ఈసారి పాట చక్కగా సాగింది. ఒడ్డు దగ్గరికి రాగానే ఎవడో మగమనిషి "సోద—" అన్నాడు. ఏదో ఎలక్షన్ మీటింగులో సోదర సోదరీమణుల ముక్కది. ఇంకో ముక్క కోద్దామనుకునేలోగా, అతికించిన జిగురు కరిగి రీలంతా టేప్‌రికార్డరు కడుపులో చుట్టుకుపోయింది.

అప్పటిదాకా బియ్యం ఏరుకుంటా చూస్తున్న రసూల్ భార్య జీనత్ తలెత్తింది. "ఏమయ్యో, ఆ పాడు స్వరం వచ్చినప్పుడు సౌండు తగ్గిస్తే పోలా? తగ్గించే గుండీ ఉందిగా."

ఇద్దరూ ఆమె వంక చూశారు. మిషనులు తెలిసినోళ్లకి ఇట్టాంటియి తట్టవు.

"నువ్వు సౌండు తగ్గించు. ఆ చప్పుడులేని జాగాలో నేను ఎడంచేత్తో హార్మోనియం మీద అసలు మెట్టు నొక్కుతా. ఒక్క మెట్టేగా!" అన్నాడు కృపానందం.

చిక్కంతా ఎక్కడంటే రసూల్‌కి పాట తెలియదు, లెక్క తెలుసు. మొదటినించి లెక్కేస్తే ఆ స్వరం ముప్పై ఏడో నొక్కు. ముప్పై ఆరు కాగానే గుండీ తిప్పాల, ముప్పై ఎనిమిదికి మళ్లీ పెంచాల. ముందుగా తిప్పితే మంచి స్వరం చచ్చుద్ది. ఆలస్యమైతే చెడ్డది బతుకుద్ది. గురువారం, శుక్రవారం, శనివారం షాపులో పెద్ద స్పీకరు తగిలించి సాధకం చేశాడు. రెండొందలసార్లు. బజారులో మిరపకాయల బస్తాలు మోసేవాళ్లు ముప్పై ఏడో అడుగుకి బస్తా ఎగరేసుకోవటం మొదలుపెట్టారు. మాచర్ల బస్సు కండక్టరు టిక్కెట్లు కొడతా అదే రాగం తీశాడు. రసూల్ అన్నంలో ముద్దలు లెక్కపెట్టి, ముప్పై ఏడోది వదిలేసి లేచాడు.

శనివారం సాయంత్రానికి అసలు ముప్పు వచ్చింది. విని విని రసూల్‌కి ఆ స్వరమే సరైనట్టు, మిగతాయన్నీ తప్పైనట్టు వినపడింది.

"ఒరేయ్, ఏది తప్పురా?" అని అడిగాడు.

కృపానందం చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "నిన్నటిదాకా తెలుసు" అన్నాడు.

ఇద్దరూ గ్రేసమ్మ దగ్గరికి పోయారు. "పిన్నమ్మా, ఒక్కసారి పాడు, సరిచూసుకుంటాం" అన్నాడు రసూల్.

"ఛీ, మనుషుల ముందు నేనేందయ్యా పాడేది!" అని ఆమె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బతిమాలితే ఆ కొంగు లోపలే పాడింది. ఒడ్డు దగ్గర స్వరం పైకి పోయిందో కిందికి పోయిందో గానీ, బయటికి మాత్రం నేతగుడ్డే వినపడింది.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. గుమ్మడికాయలు, జొన్న కంకులు, బస్తా మిరపకాయలు ముందు పేర్చారు. మిషను పక్కన గుండీ మీద చెయ్యేసి రసూల్, అవతల హార్మోనియం ముందు ఎడంచెయ్యి జాపి కృపానందం. కట్టు చేత్తో తిత్తి కొట్టలేడు గనక గాలి కొట్టటానికి జీనత్ కూర్చుంది. ఆడాళ్ల వైపు మొదటి వరసలో గ్రేసమ్మ. ఎవరికీ కనపడకుండా ఉండాలని తల వంచుకునేసరికి అందరూ ఆమెనే చూశారు.

పచ్చ బటన్ నొక్కారు. పాట మొదలైంది. నేర్పకుండానే జనం అందుకున్నారు. బజారులో మూడ్రోజులు విన్నారుగా! మరియదాసు మొహం విప్పారింది. ముప్పై నాలుగు, ముప్పై ఐదు, ముప్పై ఆరు. రసూల్ గుండీ తిప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత సరిగ్గా ఏ పనీ చెయ్యలేదు. మిషను మూగబోయింది. కృపానందం వేలు, చెవి మర్చిపోయినా కంటికి గుర్తున్న అసలు మెట్టు మీద పడింది.

సరిగ్గా అప్పుడే మూడొందల మంది కలిసికట్టుగా తప్పు స్వరం ఎత్తుకున్నారు. చర్చి రేకులు లేచి కూర్చున్నై. అందరికంటే గట్టిగా మరియదాసు.

రసూల్ గుండీని ఇంకా వెనక్కి తిప్పాడు. మనుషులకి సౌండు తగ్గించే గుండీ ఎక్కడుందో అతనికి తెలియదు.

"ఆపండి!"

గ్రేసమ్మ. లేచి నిలబడింది. అన్నేళ్లలో ఆమె గొంతు చర్చిలో వినటం అదే మొదలు. కొంగు నోటికి అడ్డం లేదు, నడుముకి దోపింది.

"ఒడ్డు అట్టా ఎగరదు. అది కిందికి దిగాల. పడవ దిగినోడు నేల మీద కాలు పెడతాడు గానీ తాడిచెట్టు ఎక్కుతాడా? ఏందయ్యా మరియదాసూ, నువ్వు ఎక్కుతావా?"

"నేనెందుకెక్కుతానమ్మా?" అన్నాడు మరియదాసు, తికమకపడి.

"మరి దిగు. ఆ మిషను కట్టెయ్యండి. నా యెనక అనండి."

మరియదాసు అయ్యగారి వైపు తిరిగాడు. "వాయిద్యం లేకుండా పాడటమేగా మనం వొద్దన్నది..."

"హార్మోనియం ఉందిగా" అన్నాడు అయ్యగారు. "ఒక్క మెట్టైతే వాయిద్యం కాదా? కృపానందం, నొక్కి పట్టుకో."

కృపానందం ఆ ఒక్క మెట్టే శ్రుతిగా నొక్కి పట్టుకున్నాడు. జీనత్ గాలి కొడతానే ఉంది. గ్రేసమ్మ ఒక్కో వరస పాడి జనంతో అనిపించింది. తప్పినోళ్లని పేరుపెట్టి పిలిచి మళ్లీ అనిపించింది. రెండో చరణంలో సగం మంది దిగారు. మూడో చరణంలో మరియదాసు దిగాడు. అయ్యగారు తన ప్రసంగం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయట పండగ భోజనానికి వండిన కూర చల్లారిపోయింది, ఎవరూ కదల్లేదు. నాలుగో చరణంలో చర్చి మొత్తం, మూడొందల గొంతులు, ఒడ్డు దగ్గర మెత్తగా నేల మీద కాలు పెట్టినై.

ఒకే ఒక్కడు పైకి పోయాడు.

గ్రేసమ్మ పాట ఆపకుండానే తల తిప్పి చూసింది. "ఒరేయ్ రసూలూ, నువ్వు ఊరికే చెయ్యి ఊపరా నాయనా" అని, ఐదో చరణం లేకపోయినా మొదటిదే మళ్లీ ఎత్తుకుంది.