అత్తగారి మూతి

"హాకింగ్‌గారు నీ బొమ్మ వెనక్కి పంపించేశారు," అన్నాడు గార్నెట్, ఆదివారం చర్చి నుంచి వచ్చి టోపీ కొక్కేనికి తగిలిస్తూ. "ఆ మూతి తనది కాదట."

ఏవిస్ చేతిలో బఠాణీకాయ ఆగిపోయింది. పొయ్యిలో గొర్రెమాంసం కాలుతోంది. ఇంకా బంగాళాదుంపలు చెక్కు తీయాలి. ఆ మూతి ఎవరిదని ఆమె అడగలేదు.

"ఇది మూడోది. డాక్టరుగారి భార్య, ఉన్నిమిల్లు యజమాని, ఇప్పుడు కౌన్సిలరు. మెడలో గొలుసు గియ్యవు, కోటు గుండీలు గియ్యవు. పోనీ, ఉన్న మూతిని ఉన్నట్టయినా గియ్యొచ్చుగా? పిల్లలకి డ్రాయింగు చెప్పుకునేవాణ్ణి, బళ్ళో నా తల ఎక్కడ పెట్టుకోను?"

ఏవిస్ ట్రెనోవిత్ ముందు కూర్చుంటే పదేళ్ళు మీదపడి లేస్తారని వాళ్ళుండే బల్లారాట్ ఊళ్ళో ఒక వేళాకోళం ఉంది. అయినా జనం వచ్చేవారు. తమ మొహం నిజంగా ఎలా ఉంటుందో ఒక్కసారి చూసుకోవాలని ఎవరికి ఉండదు? వచ్చినవాళ్ళని ఆమె పెరటి చాకిరేవు గదిలో, బట్టలు ఉడకబెట్టే రాగి కాగు పక్కన కూర్చోబెట్టేది. కాగులో దుప్పట్లు ఉడికే సేపట్లో ఎంత మొహం పడితే అంత. మధ్యలో లేచి, దుప్పట్లు పిండి ఆరేసి, మంచంలో ఉన్న అత్తగారిని పక్కకి ఒత్తిగిల్లజేసి, చేతులు తుడుచుకుని మళ్ళీ కుంచె పట్టేది. పదిహేనేళ్ళుగా గీస్తోంది. "మా ఆవిడకి కాలక్షేపం," అని గార్నెట్ అందరికీ చెప్పేవాడు.

అత్తగారు పక్షవాతంతో తొమ్మిదేళ్ళు మంచంలో ఉంది. కుడివైపంతా పడిపోయింది, మూతి ఓ పక్కకి జారిపోయింది. ఏదో చెప్పబోయి ఆగినట్టు ఉండేది ఆ మూతి. కిందటి ఆగస్టులో ఆవిడ పోయింది. అప్పటినుంచీ ఏవిస్ ఎవరి మొహం మొదలుపెట్టినా, నుదురు వాళ్ళది, కళ్ళు వాళ్ళవి, పెదవుల దగ్గరికి వచ్చేసరికి అదే మూతి. గోకేసి మళ్ళీ వేసేది. తడి ఆరేలోపు మూల కిందికి జారినట్టే కనిపించేది. ఒకసారి రొట్టెపిండి పిసుకుతూ ఉంటే పిండి మడతలో కూడా అది కనిపించి, ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమంటారో తెలుసు. "టర్పెంటైన్ వాసన తలకెక్కింది," అంటాడు గార్నెట్.

అత్తగారు మంచి మాట అన్న మనిషి కాదు. "సూపులో రంగుల వాసనొస్తోంది," అనేది. "పిల్లల్ని కనలేదు, బొమ్మల్ని కంటోంది," అని చర్చి ఆడవాళ్ళ ముందు నవ్వేది. పక్షవాతం వచ్చాక మాటలు ముద్దగా అయిపోయినా, ఎత్తిపొడుపు మాత్రం స్పష్టంగానే వినిపించేది. కానీ ఏవిస్‌ని వెంటాడుతున్నవి ఆ మాటలు కావు.

పోవడానికి రెండు వారాల ముందు, శనివారం స్నానం. వంటింట్లో పొయ్యి పక్కన రేకు తొట్టె. ఏవిస్ ఆవిడ చంకల కింద చేతులేసి దింపి, వీపు రుద్దుతోంది. ఆరుగురిని కని నలుగురిని మట్టిలో పెట్టిన ఒళ్ళు. పొట్ట మడతలు మడతలుగా నీళ్ళలో తేలుతోంది.

"నన్నూ గియ్యి, అమ్మాయ్," అంది ముసలావిడ ఉన్నట్టుండి.

"మంచి బట్టలు వేశాక చూద్దాం అత్తయ్యా."

"బట్టలొద్దు. ఇలాగే." ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. "అరవై ఏళ్ళుగా... అందరూ చూసింది... నా టోపీనే."

ఏవిస్ నవ్వేసింది. "ముందు అంట్లు కానివ్వండి," అంది.

అంట్లు ఏరోజైనా అయిపోతాయా?

అంత్యక్రియలయ్యాక గార్నెట్ పాత ఫోటో చూసి తల్లి బొమ్మ గీశాడు. నల్ల పట్టు గౌను, టోపీ, మెడ దగ్గర బ్రూచి, తిన్నగా ఉన్న మూతి. అది చర్చి హాల్లో వేలాడుతోంది. "అచ్చు ఆవిడే," అన్నారు అందరూ.

ఆ ఆదివారం భోజనాలయ్యాక ఏవిస్ అంట్లు తొట్లోనే వదిలేసి చాకిరేవు గదిలోకి వెళ్ళింది. గార్నెట్ కంటికి కూడా ఆనేంత పెద్ద కాన్వాసు తీసింది. ఫోటో అక్కర్లేదు. ఆ భుజం ఎంత బరువో, ఆ రొమ్ముల కింద చర్మం ఎక్కడ ఒరుసుకుపోయేదో ఆమె అరచేతులకి తెలుసు. ఈసారి మూతిని గోకెయ్యలేదు. పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు మధ్యాహ్నం, ఉతికిన చొక్కాలేవీ లేవేమని అడగడానికి గార్నెట్ తలుపు తోశాడు.

చాలాసేపు చూశాడు.

"ఎవరీవిడ?" అన్నాడు. "పాపం, ఎక్కడ దొరికింది నీకు? ఆ వయసులో ఇలా బట్టల్లేకుండా కూర్చోబెట్టడానికి నీకు మనసెలా ఒప్పింది?"

ఏవిస్ అతని వైపు తిరిగింది. అతను నిజంగానే అడుగుతున్నాడు.

"మీ అమ్మ," అంది.

అతని మొహం పాలిపోయింది. "మా అమ్మ ఇలా ఉండదు."

"తొమ్మిదేళ్ళు ఇలాగే ఉంది."

అతను దండెం మీది దుప్పటి లాగి బొమ్మ మీద పడేశాడు. "ఇది ఈ గది దాటకూడదు. ఊరంతా ఏమనుకుంటుంది?"

"మెల్‌బోర్న్ చిత్రప్రదర్శనకి పంపుతున్నాను."

"పిచ్చెక్కిందా ఏవిస్?" గొంతు దిగిపోయింది. "సరే, పంపుకో. ఎవరో ముసలావిడ అని రాయి. నీకు దణ్ణం పెడతా, ఆవిడ పేరు మాత్రం పెట్టకు."

ఏవిస్ దుప్పటి తీసేసింది. తడి రంగుకి నూలుపోగులు అంటుకున్నాయి. వాటిని ఒక్కొక్కటే వేలిగోటితో ఏరుతూ అంది. "ఎందుకంత భయం? కన్నకొడుకువి, నువ్వే పోల్చుకోలేదు. ఊళ్ళో ఇంకెవరు పోల్చుకుంటారు?"

అతను తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయాడు.

ఏవిస్ బొమ్మని వెనక్కి తిప్పి, సన్న కుంచెతో చట్రం మీద అత్తగారి పేరు, 'లవ్‌డే' అని రాసింది. పక్కన ట్రెనోవిత్ అని రాయబోయి ఆగింది. అది గార్నెట్ వాళ్ళ నాన్న ఇంటిపేరు. ఆవిడది కాదు. పెళ్ళికి ముందు ఆవిడ ఇంటిపేరేమిటో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తొమ్మిదేళ్ళు ఒళ్ళు రుద్దిన తను కూడా ఏనాడూ అడగలేదు.