పుండును షుగర్‌కు ముడిపెట్టింది ఎవరు

ఆ చార్టు నాలుగోసారి కోడుకని తిరిగొచ్చి, ఈసారి తన బల్ల మీద పడేసరికి కోడరమ్మకు ఒళ్లు మండింది. డాక్టర్లు రాసిన జబ్బులకు కోడ్లు వేయడం ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమె పని. చార్టు ఒక ఫ్యాక్టరీ కార్మికుడిది. కుడి పాదం మీద పుండు. పరిహారం అడిగితే యాజమాన్యం ఒక్క ముక్కలో తేల్చేసింది: ఆసుపత్రి కాగితాలే షుగర్ పుండు అంటున్నాయి, మాకేం సంబంధం? అతను ఊరుకోలేదు, మళ్లీ చూడమని అర్జీ పెట్టాడు.

ఆమె పేజీలు తిరగేసింది. డాక్టరు రాసింది రెండే ముక్కలు: "షుగర్ ఉంది. పాదం మీద పుండు." దాని వల్లే ఇది వచ్చిందని ఎక్కడా అనలేదు. వెనక పేజీలో నర్సు మాత్రం రాసింది: "పనిలో యాసిడ్ ఒలికిందని చెబుతున్నాడు."

మరి షుగర్ పుండు అన్నదెవరు?

ఆమె చూపు టీమ్ లీడర్ మీద పడింది. మూడు రోజులుగా ఫోన్ మోగితే చాలు, వరండాలోకి పోయి గుసగుసలాడుతున్నాడు.

"సార్, ఇందులో యాసిడ్ మాట ఉంది."

"రాసింది నర్సేగా? కారణం డాక్టరు రాయాలి. షుగరూ, పాదం పుండూ ఒకే చార్టులో ఉంటే కలిపెయ్యమనే కదా రూలు! నీకు నేను కొత్తగా చెప్పాలా?"

"డాక్టరు వేరే కారణం చెబితే కలపకూడదని కూడా ఉంది సార్. అడగొచ్చుగా?"

"అడుగుతూ కూర్చుంటే తెల్లారినట్టే. పాత కోడుకే సంతకం పెట్టమ్మా."

"మీకెందుకు సార్ అంత తొందర? ఫ్యాక్టరీవాళ్లు మీ చుట్టాలా?"

ఆయన ముఖం కందిపోయింది. "మొదట కలిపిందెవరో చూసి మాట్లాడు!"

దొరికాడు అనుకుని పాత ఎంట్రీలు తెరిచింది. మూడోసారి కోడు వేసింది పక్క సీటు ఆమె, రెండోది చూసి. రెండోది వేసింది లీడర్, మొదటిది చూసి. మొదటిదాని పక్కన ఉన్నది తన ఐడీ.

ఆ రోజు నర్సు పేజీ తిప్పనేలేదు. షుగర్ కనబడింది, పుండు కనబడింది, చెయ్యి దానంతటదే కలిపేసింది. రోజుకు పదిసార్లు చేసే పనే. యాజమాన్యాలకు కుట్రలెందుకు, మన అలవాట్లు చాలవూ! లీడర్ గుసగుసలు ఎవరితోనో మాత్రం అంతు చిక్కలేదు.

డాక్టరుకు ప్రశ్న రాయబోయింది. "ఇది యాసిడ్ గాయమే కదా?" అని టైపు కొట్టి, వెంటనే చెరిపేసింది. జవాబు నోట్లో పెట్టి అడిగితే ఆ ప్రశ్న చెల్లదు. "నర్సు రాసింది కూడా చూసి, పుండుకు కారణం ఏమిటో రాయండి" అని పంపింది. తర్వాత తప్పుల రిజిస్టరు తెరిచి, మొదట కలిపింది తానేనని రాసింది.

"ఉద్యోగం మీదికి తెచ్చుకుంటున్నావు," అన్నాడు లీడర్.

"పోతే పోనివ్వండి. ఆ కార్మికుడి పరిహారం పోయేకంటే నయం."

సాయంత్రానికి జవాబు వచ్చింది: "యాసిడ్ వల్ల కాలిన గాయం. షుగర్‌తో సంబంధం లేదు."

ఆమె కోడు మార్చింది. కానీ లేవలేదు. ఈ ఏడాది తన ఐడీతో షుగర్‌కు కలిపిన పుండ్లన్నీ వెతికింది. అదే ఫ్యాక్టరీ చిరునామాతో ఇంకా నాలుగు పాదాలు తేలాయి.